కుక్కర్ కూతకి చెవులు మూసుకునే పిల్లాడు

అంగన్‌వాడీలో మధ్యాహ్నం వంట వేళ. కుక్కర్ కూత వేయగానే ఓ నాలుగేళ్ల పిల్లాడు రెండు చెవులూ మూసుకుని మూలకి పోయి నక్కుతాడు. అన్నం కాస్త ముద్దగా ఉంటే వాంతి చేసుకుంటాడు. కొత్త చొక్కా వేస్తే మెడ వెనక లేబుల్ గుచ్చుతోందని, విప్పేదాకా ఊరుకోడు. ఇంట్లో వాడి పేరు ‘మొండిఘటం’. ఇదే పిల్లాడు కాస్త డబ్బున్న ఇంట్లో పుట్టి ఉంటే ఈపాటికి థెరపీ సెంటర్‌లో ఉండేవాడు. ఈ తేడా నన్ను చాలా బాధపెడుతుంది.

మెదడుకి కబుర్లు మోసేవి కళ్లు, చెవులు, చర్మం మాత్రమే కాదు. ఒళ్లు ఎటు ఒరుగుతోందో లోపలి చెవి చెబుతుంది. చేయి ఎక్కడుందో, కాలు ఎక్కడుందో కండరాలు, కీళ్లు చెబుతాయి. వీటన్నిటినీ కలిపి అర్థం చేసుకోవడంలో కొందరు పిల్లలు ఇబ్బంది పడతారని అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు చేసుకునేలా తర్ఫీదిచ్చే నిపుణురాలు) జీన్ ఎయిర్స్ 1972లో ఒక పుస్తకమే రాశారు. కొందరికి చిన్న శబ్దమే ఉరుములా వినిపిస్తుంది. కొందరికి ఎంత గెంతినా, గిరగిరా తిరిగినా తనివి తీరదు. దీన్ని ‘సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్’ అనే విడి జబ్బుగా లెక్కించాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. ఈ పేరు పెట్టేసి ఆగిపోకుండా ఆటిజం లాంటివి ఉన్నాయేమో చూడాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లో చెప్పింది. పేరు తేలకపోయినా పిల్లాడి ఇబ్బంది మాత్రం నిజం.

మరి ఇందులో పేదరికం పాత్ర ఏమిటి? నెలలు నిండకుండా పుట్టడం, పాత పెయింట్లలోని సీసం, ఇంట్లో ఎడతెగని టెన్షన్ పేద ఇళ్ల మీదే ఎక్కువ భారం వేస్తాయి. అయితే నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది శబ్దం.

న్యూయార్క్‌లో ఒక హైవే మీదనే కట్టిన 32 అంతస్తుల అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. అక్కడ నాలుగేళ్లకు పైగా ఉంటున్న బడి పిల్లల్ని పరిశీలించి 1973లో ఫలితాలు ప్రచురించారు. ట్రాఫిక్ మోత ఎక్కువగా ఉండే కింది అంతస్తుల పిల్లలు, దాదాపు ఒకేలా వినిపించే మాటల మధ్య తేడా పట్టడంలో, చదవడంలో పై అంతస్తుల వాళ్లకంటే వెనకబడి ఉన్నారు. మన భాషలో అయితే ‘కడప’కీ ‘గడప’కీ తేడా పోల్చుకోలేకపోవడం లాంటిది. మోతను పట్టించుకోకుండా ఉండటం నేర్చుకున్న పిల్లలు, దాంతోపాటే మాటల్లోని సన్నని తేడాల్నీ వదిలేసుకున్నారన్నది పరిశోధకుల ఊహ.

అదే నగరంలో రైలు వంతెన పక్కన ఒక బడి ఉండేది. పట్టాల వైపు గదుల్లోని పిల్లలు చదవడంలో అవతలి వైపు పిల్లలకంటే బాగా వెనకబడ్డారని పరిశోధకురాలు ఆర్లీన్ బ్రోన్‌జాఫ్ట్ 1975లో చూపించారు. తర్వాత పట్టాల కింద రబ్బరు మెత్తలు వేశారు, గదుల పైకప్పులకు శబ్దాన్ని పీల్చే పలకలు బిగించారు. 1981లో మళ్లీ చూస్తే ఆ తేడా కనిపించలేదు. మారింది గదులూ పట్టాలూ, పిల్లల మెదళ్లు కాదు. ఒకే గదిలో టీవీ, మిక్సీ, కిటికీ అవతల ఆటోల హారన్ల మధ్య పెరిగే పిల్లాణ్ని చూసినప్పుడల్లా నాకు ఆ బడే గుర్తొస్తుంది.

పిల్లల ఈ ఇబ్బందిని కొలిచే సాధనంలోనూ తేడా ఉంది. 1999లో అమెరికా ఆక్యుపేషనల్ థెరపిస్ట్ విన్నీ డన్ తయారుచేసిన ‘సెన్సరీ ప్రొఫైల్’లో తల్లిదండ్రులకు 125 ప్రశ్నలుంటాయి. పెద్ద శబ్దానికి ఉదాహరణలుగా అందులో ఇచ్చినవాటిలో వాక్యూమ్ క్లీనర్, హెయిర్ డ్రయర్ ఉన్నాయి. ఆ రెండూ లేని ఇంటి తల్లి ఏమని రాస్తుంది? గడ్డిలో, ఇసుకలో ఒట్టి కాళ్లతో నడవడానికి జంకుతాడా అన్నది ఇంకో ప్రశ్న. రోజూ చెప్పుల్లేకుండా తిరిగే పిల్లాడి విషయంలో దాని అర్థమే మారిపోతుంది. మన పిల్లల్ని మన మిక్సీ, మన కుక్కర్, మన పెళ్లి బ్యాండు గురించి అడిగి కొలవాలి.

మన దగ్గర దారి లేకపోలేదు. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే కేంద్ర పథకం 2013 నుంచీ ఉంది. దాని ప్రకారం వైద్య బృందం అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు చూడాలి, అవసరమైతే పిల్లల ఇబ్బందుల్ని చిన్నప్పుడే గుర్తించి చికిత్స చేసే ‘డైక్’ అనే జిల్లా స్థాయి సెంటర్‌కి పంపాలి. ఖర్చు ఉండదు. కానీ ఆ కొద్ది నిమిషాల్లో తల్లి ‘వీడు మొండోడండీ’ అంటే డాక్టర్‌కి ఏమీ తెలియదు. ఏ శబ్దానికి ఏం చేశాడు, ఏ అన్నం తిన్నాడు, ఏ బట్ట విప్పేశాడు అని విడివిడిగా చెబితేనే పని జరుగుతుంది. ఈలోగా వాణ్ని పొయ్యికి దూరంగా, అవతలి గోడ దగ్గర కూర్చోబెట్టవచ్చు. కుక్కర్ పెట్టాక ఆయమ్మ ‘నాన్నా, ఇప్పుడు కూత వస్తుంది’ అని ముందే చెబితే, వాడు మూలకి పరిగెత్తకుండా ఉన్నచోటే చెవులు మూసుకోవచ్చు.