తోడు కోరని బల్లి

మొన్నటి ఫిబ్రవరిలో విశాఖ ఎం.వి.పి. కాలనీలో ఉండే ఒక ఇంజనీరింగు విద్యార్థి పెంపుడు జంతువుల దుకాణంలో లెపర్డ్ గెకో అనే బల్లిని కొన్నాడు. అది ఆడదని, ఏడాదిన్నర వయసుందని అమ్మినవాళ్లు చెప్పారట. రెండు నెలల తరువాత అతను నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, అది ఒక్కతే ఉంటే నాకే బెంగగా ఉంది, తోడుగా ఒక మగదాన్ని తెచ్చి అదే తొట్టిలో ఉంచుదామనుకుంటున్నాను" అన్నాడు. ఆ మాటలో ఉన్న దయను నేను కాదనలేను. మనం చిలకలను జతగా కొంటాం, అక్వేరియంలో ఒంటరి చేపను చూస్తే మరొకటి తెచ్చి వేస్తాం. జంటగా ఉండటమే సుఖమన్న భావన మన ఇళ్లలో అంత బలంగా ఉంది. అయితే ఈ బల్లి ఆ భావనకు లొంగే జీవి కాదు. దానికి తోడు తేవడమంటే ఏమిటో ఆ అబ్బాయికి చెప్పిన సంగతులనే ఇక్కడ మరికొంత వివరంగా రాస్తున్నాను.

లెపర్డ్ గెకో మన గోడబల్లికి దూరపు చుట్టమే గాని, అలవాట్లలో దానికి చాలా భిన్నమైనది. గోడబల్లికి కదిలే కనురెప్పలుండవు, దీనికి ఉంటాయి. గోడబల్లి వేళ్ల కింద ఉండే అంటుకునే పొరలు దీనికి లేవు కాబట్టి గాజు గోడ ఎక్కలేదు, నేలమీదనే నడుస్తుంది. శరీరం మీద చిరుతపులి మచ్చలు, లావుపాటి తోక. తిండి దొరకని రోజులకు కావలసిన కొవ్వును ఆ తోకలోనే దాచుకుంటుంది. జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ బ్లైత్ 1854లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఈ జాతి సొంత ఊళ్లు అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతదేశాల్లోని రాతి నేలలు, పొడి కొండలు. పగలు రాళ్ల సందుల్లోనూ బొరియల్లోనూ దాగి, చీకటి పడ్డాక పురుగుల వేటకు బయలుదేరుతుంది.

విశాఖ పాఠకులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. లెపర్డ్ గెకో ప్రజాతికి, అంటే దాని దగ్గరి జాతుల గుంపుకు, చెందిన మరో బల్లి మన తూర్పు కనుమల్లోనూ ఉంది. 2017లో విశాఖపట్నంలో దొరికిన నమూనాను జీషన్ మీర్జా, చంద్రశేఖరుని జ్ఞానేశ్వర్ అనే పరిశోధకులు పరిశీలించి, అంతవరకు వేరొక జాతిగా భావిస్తూ వచ్చిన దానిని 2022లో యూబ్లెఫారిస్ పిక్టస్ అనే కొత్త జాతిగా వర్ణించారు. దానితో ఈ ప్రజాతిలో జాతుల సంఖ్య ఏడుకు చేరింది. చీకటి పడ్డాక అడవి బాటల వెంట తిరిగే ఆ బల్లి అడుగడుగునా నేలను నాలుకతో తాకుతూ నడుస్తుందని వారు గమనించారు. పెంపుడు బల్లి తొట్టిలో చేసే పని కూడా అదే. కొత్త చోట వదిలితే ముందు నేలను నాకి చూస్తుంది, ఆ తరువాతే అడుగు వేస్తుంది.

నాలుక సంగతి ఎందుకు ఎత్తానంటే, ఈ బల్లి ఎదుటిది ఆడదా మగదా అన్నది తేల్చుకోవడంలో చర్మం మీది రసాయనాలదే పెద్ద పాత్ర. 1990లో వెలువడిన ఒక పరిశోధనలో ఒక చిత్రమైన సంగతి బయటపడింది. ఆడబల్లి కుబుసం విడుస్తున్న వేళ, చర్మం మీది ఆ గుర్తు లోపించినప్పుడు, మగది దానిని ఆడదిగా పోల్చుకోలేక మరో మగదాని మీద పడినట్లు దాడి చేసింది. కుబుసానికి ముందూ తరువాతా అదే ఆడబల్లిని చూసి జతకట్టబోయింది. ఎదిగిన బల్లి కొన్ని వారాలకొకసారి కుబుసం విడుస్తూనే ఉంటుంది. ఒకే తొట్టిలో మగదానితో కాపురం పెట్టిన ఆడబల్లికి అలాంటి ప్రతి రోజూ గండమే అవుతుందని వేరే చెప్పనక్కరలేదు.

కుబుసం లేని రోజుల్లో మరో ఇబ్బంది ఉంటుంది. ఆడదాని వాసన తగలగానే మగది తోక కొసను సన్నగా, వేగంగా అదిలిస్తుంది. ఆ అదురు నేలకు తగిలి టపటపమని వినిపిస్తుంది కూడా. తరువాత దగ్గరికి వచ్చి, ఒంటిని, మెడను పళ్లతో పట్టుకుంటుంది. ఆడది సుముఖంగా ఉంటే అది కొద్ది నిమిషాల వ్యవహారం. సుముఖంగా లేకపోతే కొండమీద అయితే పారిపోవడానికి ఎన్నో రాళ్లూ బొరియలూ ఉంటాయి. మూడడుగుల గాజు తొట్టిలో మూల తప్ప ఏముంటుంది? తప్పించుకోలేని ఆడబల్లి ముందు తిండి మానేస్తుంది, వెచ్చని చోటును మగదానికి వదిలేసి చల్లని మూలలో ఉండిపోతుంది, తోక సన్నబడుతుంది, ఒక్కోసారి భయంతో తోకనే తెంచుకుంటుంది. మళ్లీ పెరిగే తోక పాతదాని వలె ఉండదు. అన్నిటికన్నా కష్టమైన సంగతి ఏమిటంటే ఇదంతా నిశ్శబ్దంగా జరుగుతుంది. రెండూ ఒకే గూటిలో పక్కపక్కన పడుకుని కనిపిస్తే స్నేహమనుకుంటాం. చాలాసార్లు అక్కడ ఉన్నది ఒకే ఒక్క మంచి గూడు, దానికోసం పోటీ.

మగవాటిని రెండింటిని కలిపి ఉంచరాదన్నది ఇంకా గట్టి నియమం. అవి రక్తం వచ్చేలా పోట్లాడుకుంటాయి. కాబట్టి కొన్నది ఆడదో మగదో ముందు మనమే చూసుకోవడం మంచిది. ఎదిగిన బల్లిని పారదర్శకమైన డబ్బాలో ఉంచి కిందనుంచి చూస్తే, మగదానికి విసర్జన రంధ్రానికి పైన బాణం మొన వలె వంగిన వరుసలో మైనం నిండిన చిన్న రంధ్రాలు స్పష్టంగా కనిపిస్తాయి, దాని దిగువన తోక మొదట్లో రెండు ఉబ్బులుంటాయి. ఆడదానికి ఆ రంధ్రాల జాడ చాలా మసకగా ఉంటుంది. బాగా చిన్న పిల్లల్లో ఇది తెలియదు కాబట్టి, ఫలానా పిల్ల ఆడదే అని అమ్మేవారు ఇచ్చే హామీని నేను నమ్మను.

ఇక పిల్లలను చేయించాలన్న ఉద్దేశమే ఉంటే, మగదానికీ ఆడదానికీ వేర్వేరు తొట్లు ఉండాలి, కలయిక కోసం మాత్రమే కొద్దిసేపు, మన కళ్ల ముందు, ఒకచోట చేర్చాలి. ఆడది కొద్ది నెలల వయసులోనే గర్భం ధరించగలదు గాని, ధరించగలగడం వేరు, తట్టుకోగలగడం వేరు. అనుభవజ్ఞులు ఏడాదిన్నర నిండి, కనీసం 45 నుంచి 50 గ్రాముల బరువుండి, తోక నిండుగా ఉన్న ఆడదాన్నే జతకు ఎంచుకుంటారు. ఒక్కసారి కలిస్తే చాలు. ఆడబల్లి మగదాని వీర్యాన్ని ఒంట్లో నెలల తరబడి నిలవ ఉంచుకుని, ఆ సీజనంతా ఫలించిన గుడ్లు పెట్టగలదు. అటువంటప్పుడు మగదాన్ని పక్కనే ఉంచడం వల్ల ఆడదానికి ఒరిగేదేమీ లేదు.

ఒక్కో విడతకు రెండు గుడ్లు, రెండు నుంచి నాలుగు వారాలకొక విడత, ఒక సీజనులో అయిదారు విడతలు మామూలు. క్యాలెండరు వెనకో, ట్యూబులైటు పట్టీ వెనకో మనకు కనిపించే గోడబల్లి గుడ్లు తెల్లగా, సుద్దముక్కలా గట్టిగా ఉంటాయి. లెపర్డ్ గెకో గుడ్డు అలా కాదు. అది తోలు వలె మెత్తగా ఉండి, చుట్టూ ఉన్న తేమను పీల్చుకుంటూ పొదిగేకొద్దీ ఉబ్బుతుంది. అందుకే తల్లి దానిని తడి మట్టిలో పాతిపెడుతుంది, తొట్టిలో తడి నాచు నింపిన మూత డబ్బా పెట్టకపోతే చోటు దొరకక నేలంతా తవ్వుతూ తిరుగుతుంది. చోటు లేక, లేదా బలం లేక గుడ్డు లోపలే ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. గుడ్లు తయారు చేయడానికి కావలసిన క్యాల్షియం తిండిలో చాలకపోతే తల్లి ఎముకల నుంచే ఖర్చవుతుంది. కాళ్లు వంకరపోయి, దవడ మెత్తబడి, నడవలేక పాకే ఆడబల్లులను చూసినవారు ఆ దృశ్యాన్ని మరిచిపోరు. కీచురాళ్లకు, మీల్‌వార్మ్ పురుగులకు క్యాల్షియం పొడి పట్టించి పెట్టడం, దానికి తగిన పాళ్లలో విటమిన్ డి-3 చేర్చడం ఈ కాలంలో ఒక్క పూట కూడా మరువరానివి.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది గుడ్డు పొదిగే వేడి. మనుషుల్లో ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోము మీద ఆధారపడుతుంది. ఈ బల్లిలో అది గుడ్డు చుట్టూ ఉన్న ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. 26 డిగ్రీల సెల్సియస్ వద్ద పొదిగితే దాదాపు అన్నీ ఆడపిల్లలే. 30 దగ్గర పావువంతు మగవి. 32.5 దగ్గర సుమారు ముప్పావువంతు మగవి. 34కు చేరితే మళ్లీ దాదాపు అన్నీ ఆడవే. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్రూస్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి ఈ బల్లి మీద పనిచేసి మరో సంగతి కూడా చూపించారు: ఆడదే అయినా, ఎక్కువ వేడిలో పొదిగిన ఆడది తక్కువ వేడిలో పొదిగిన దానికన్నా దూకుడుగా ఉంటుంది, 34 డిగ్రీల్లో పుట్టినవాటిలో సంతాన సామర్థ్యం కూడా తగ్గుతుంది. గుడ్డుగా ఉన్న కొద్ది వారాల వేడి పెద్దయ్యాక ప్రవర్తనలో కూడా నిలిచి ఉంటుందన్న మాట. మగపిల్లలు పుట్టే వేడిలో ఉంచిన గుడ్డు పైపెంకుకు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను పూస్తే ఆడపిల్ల పుట్టినట్లు 1980ల చివరి ప్రయోగాల్లోనే తేలింది కాబట్టి, వేడి హార్మోన్ల దారిలోనే పనిచేస్తోందని మనకు తెలుసు.

విశాఖలో ఉన్నవారికి ఇది వింతగా తోచనక్కరలేదు. ఏటా శీతకాలం చివర ఆర్.కె. బీచ్ నుంచి భీమిలి దాకా ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లలోనూ ఇసుక వేడే పిల్లల లింగాన్ని తేలుస్తుంది. అక్కడ వేడి ఇసుకలో ఆడవి, చల్లని ఇసుకలో మగవి ఎక్కువ. వేడి పెరిగేకొద్దీ లింగం మారే మలుపు తాబేలుకు ఒక్కటే అయితే, మన బల్లికి రెండున్నాయి.

విదేశాల్లో రాసిన పెంపక సూచనలన్నీ గుడ్డును ఎలా వేడి చేయాలో చెబుతాయి. అక్కడి ఇళ్లు చల్లనివి. మన ఊళ్లో సమస్య తలకిందులు. మే నెలలో పగటి వేడి 35 డిగ్రీల చుట్టుపక్కల ఆడుతుంది, రాత్రి 28కి దిగితే గొప్ప. అటువంటి గదిలో ఇంక్యుబేటరును, అంటే గుడ్లు పొదిగే పెట్టెను, 26కు పెట్టినా అది 26కు దిగదు, ఎందుకంటే మామూలు ఇంక్యుబేటరు వేడి చేయగలదే గాని చల్లబరచలేదు. కాబట్టి ఆడపిల్లలు కావాలని పెట్టిన గుడ్లు, పెంచేవారికి తెలియకుండానే, మగపిల్లలు పుట్టే వేడిలోకో, లేదా ఆ పైన పిండానికే ప్రమాదమైన వేడిలోకో జారిపోతాయి. ఏ.సి. గదిలోనైనా పెట్టాలి, చల్లబరచగలిగే పెట్టైనా కొనాలి. దానికి తోడు కరెంటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరం రోజుల తరబడి చీకట్లో ఉండటం ఇక్కడివారెవరూ మరిచిపోలేదు. 26 డిగ్రీల్లో రెండు నెలలు పట్టే పొదుగులో కరెంటు కోతలు రోజుల తరబడి సాగితే లెక్క తప్పుతుంది. సముద్రపు గాలిలోని తేమ పెద్ద బల్లులకు కూడా మేలు చేయదు. గాలి ఆడని మూత తొట్టిలో వాటికి ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి.

జతను ఎంచుకోవడంలో వంశం సంగతి కూడా ఉంది. రంగుల కోసం తరతరాలుగా ఎంపిక చేసిన బల్లులే దుకాణాల్లో ఎక్కువ. ఎనిగ్మా అనే రంగు వంశంలో చాలా బల్లులు తల వాల్చి, గుండ్రంగా తిరుగుతూ, ఎరను గురిచూసి పట్టలేక బాధపడతాయి. లెమన్ ఫ్రాస్ట్ అనే నిమ్మపండు ఛాయ బల్లుల్లో ఎనభై శాతానికి పైగా వాటికి చర్మం మీద కణితులు వస్తాయి. 2021లో ప్లోస్ జెనెటిక్స్ పత్రికలో వచ్చిన పరిశోధన, ఆ మెరుపును ఇచ్చే రంగు కణాలే అదుపు తప్పి పెరిగి కణితులవుతున్నాయని, దాని మూలం స్పింట్1 అనే జన్యువు దగ్గర ఉందని చూపింది. కంటికి ఇంపైన ఆ రంగును, ఆ కణితిని విడదీయలేమని తెలిశాక కూడా అలాంటి జతను కలపడం తప్పని నా అభిప్రాయం.

పిల్లలు బయటికి వచ్చాక ఒక్కోటి మూడు గ్రాముల బరువుంటుంది, తొలి కుబుసం విడిచాకనే తిండి ముడుతుంది. వాటినీ విడివిడిగానే ఉంచాలి, లేకపోతే ఒకదాని తోక ఒకటి కొరుకుతాయి. ఒక్క సీజనుకు పది, పన్నెండు డబ్బాలు, ఒక్కో బల్లికి పదిహేను, ఇరవై ఏళ్ల ఆయుష్షు. వీటిలో దేనినీ కొండమీద వదలరాదు, అలాగే కొండమీది దానిని జత కోసం పట్టి తేనూ రాదు. మన పిక్టస్ జాతిని అక్రమ వ్యాపారం కోసం పడుతున్నారని దానిని వర్ణించిన పరిశోధకులే రాశారు. కంబాలకొండ వంటి అభయారణ్యం నుంచి అనుమతి లేకుండా ఏ అడవి జీవిని తెచ్చినా నేరం.

ఇవన్నీ విన్నాక ఆ అబ్బాయి మగదాన్ని తేలేదు. కాని ఏప్రిల్ మూడో వారంలో ఒక పొద్దున్న ఫోను చేసి, తొట్టి మూలలో రెండు గుడ్లున్నాయన్నాడు. ఒంటరి ఆడది కూడా ఫలించని గుడ్లు పెడుతుంది కాబట్టి అవి అలాంటివే అనుకున్నాం. మర్నాడు సాయంత్రం చీకటి గదిలో టార్చి వెలుతురుకు పట్టి చూస్తే ఒకటి పసుపుపచ్చగా, ఖాళీగా ఉంది. రెండో దానిలో ఎర్రని చిన్న వలయం కనిపించింది, అంటే అది ఫలించిన గుడ్డే. దుకాణంలో అది ఏ మగదానితో ఉందో, ఆ మగదాని వంశమేమిటో చెప్పగలవారు లేరు. గది వేడి 32 దాటుతోంది. చాలాసేపు మాట్లాడుకుని, పిండం ఇంకా ఎదగకముందే, ఆ రాత్రే గుడ్డును ఫ్రీజరులో పెట్టాం. అతనికి అది తేలికైన పని కాలేదు, నాకూ కాలేదు. తడి నాచు డబ్బా అమర్చాక జూన్ లోపల మరో రెండు విడతలు అందులోనే పెట్టింది, వాటినీ అలాగే చేశాడు. తొలి గుడ్ల తరువాత 41 గ్రాములకు పడిపోయిన బల్లి, క్యాల్షియం పట్టించిన కీచురాళ్లు తింటూ, వినాయక చవితి నాటికి 53 గ్రాములు తూగింది.