చేతికందే ఎత్తులో మామిడి

పది మీటర్ల ఎడంతో నాటిన పాత మామిడి తోటలో ఎకరానికి 40 చెట్లుంటాయి. వరుసల మధ్య ఐదు, మొక్కల మధ్య నాలుగు మీటర్లు పెడితే 200 పడతాయి. మూడుకు రెండు మీటర్లయితే 670 దాటతాయి. చెట్లు ఐదింతలైతే కాయలూ ఐదింతలే కదా అని చాలామంది ఈ లెక్క చూసే అధిక సాంద్రత సాగుకు దిగుతారు. మొదటి కొన్నేళ్లు లెక్క సరిపోయినట్టే ఉంటుంది. ఆ తర్వాత కొమ్మలు ఒకదాన్లోకొకటి చొచ్చుకుపోయి తోటంతా గొడుగు వేసినట్టు మూసుకుపోతుంది, కాపు చెట్టు నెత్తికెక్కి కూర్చుంటుంది. దగ్గరగా నాటామంటే ఏటా కత్తెర పడతామని ఒప్పుకున్నట్టే. ఆ ఓపిక లేనివాళ్లు పాత దూరాల్లో నాటుకోవడమే నయం.

మామిడి పూత కొమ్మ చివర వస్తుంది, అదీ ముదిరి ఎండ తగిలిన కొమ్మకే. నీడలో పడ్డ రెమ్మ ఆకులు మోస్తుందే తప్ప సరిగా పూయదు. అందుకే వరుసలను ఉత్తరం నుంచి దక్షిణానికి వేస్తారు, రెండు పక్కలా ఎండ పడుతుంది. చెట్టు ఎత్తు వరుసల మధ్య దూరంలో 80 శాతం దాటకూడదన్నది వాడుకలో ఉన్న కొలత. ఐదు మీటర్ల వరుసకు అది నాలుగు మీటర్లు. ఎగుమతి కాయ కావాలంటే మాత్రం మూడు మీటర్ల లోపే ఆపాలి.

చెట్టు ఆకారం మొదటి రెండేళ్లలోనే తేలిపోతుంది. నాటిన అంటు నిలదొక్కుకున్నాక నేల నుంచి 60-70 సెంటీమీటర్ల దగ్గర తల తీసేయాలి. ఎక్కడ కోయాలన్నది తెలియాలంటే రెమ్మను దగ్గరగా చూడాలి. ప్రతి ఇగురూ పెరిగి ఆగిన చోట కణుపులు వలయంలా దగ్గరకు చేరి ఉంటాయి, ఆకులు కూడా అక్కడే గుంపుగా ఉంటాయి. ఆ వలయానికి పైన కోస్తే అక్కడి మొగ్గలన్నీ ఒక్కసారే లేచి, చీపురు కట్టలా ఐదారు పుల్లలు ఒకే చోటు నుంచి వస్తాయి. రేపు కాయ బరువుకు ఆ గుబురు మొదట్లోనే చీలుతుంది. వలయానికి కింద కోస్తే రెండు మూడు రెమ్మలే, ఎడం ఎడంగా వస్తాయి. వాటిలో తలో దిక్కుకు పోయేవాటిని ఉంచి, ముదిరాక మళ్లీ అలాగే కోయాలి. అంటు కట్టిన చోటుకు కింద వచ్చే చిగురును కనపడగానే గిల్లేయాలి. దాన్ని వదిలేస్తే అసలు రకం పోయి వేరుమూలమే (అంటు కట్టిన అడుగు మొక్కే) చెట్టవుతుంది. మొదటి రెండేళ్ల పూతను తీసేయడానికి మనసొప్పదు గానీ, తీయాల్సిందే.

కాపు మొదలయ్యాక, కాయ కోత ముగిసిన నెలలోపు కత్తిరింపు పూర్తవ్వాలి. కోసిన చోట వచ్చిన చిగురు ముదిరి, పూతకు సిద్ధం కావడానికి నాలుగైదు నెలలు పడుతుంది. రెండు నెలలు ఆలస్యం చేస్తే పక్క తోట పూసే వేళకు మనది లేతాకు వేస్తుంది. మధ్యలో నిటారుగా లేచిన ఒకటి రెండు కొమ్మలను మొదలంటా తీస్తే చెట్టు లోపలికి వెలుతురు దిగుతుంది. చివరలను ఒక ఇగురు మేర తగ్గిస్తే చాలు. తోట మూసుకుపోతుందని భయపడి ఒక్కసారే మోటుగా నరికితే చెట్టు శక్తంతా ఆకుకే పోతుంది, ఆ ఏడు కాపు ఉండదు. లావు కోతలకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద), కొత్తగా ఎండకు బయటపడ్డ కొమ్మలకు సున్నం పూయాలి.

పాక్లోబ్యూట్రజాల్ గురించి ఒక మాట. ఇది చెట్టులో జిబ్బరెలిన్ అనే ఎదుగుదల హార్మోను తయారీని అడ్డుకుని, చిగురు వేగాన్ని తగ్గించి పూత వైపు మళ్లిస్తుంది. చెట్టు గొడుగు వెడల్పులో ప్రతి మీటరుకు అసలు మందు (డబ్బాలోని ద్రావణం కాదు, అందులోని క్రియాశీల పదార్థం) 0.75 నుంచి 1 గ్రాము లెక్కన నీళ్లలో కలిపి, తడిగా ఉన్న పాదులో పూతకు సుమారు మూడు నెలల ముందు పోస్తారు. మోతాదు మించితే పూగుత్తులు పొట్టిగా ముద్దకట్టినట్టు వస్తాయి, వాటిలో తేమ నిలిచి తెగులు పడుతుంది. మందు నేలలో చాలాకాలం నిలుస్తుంది కాబట్టి నిరుటి మోతాదే ఈ ఏడూ పోయడం పొరపాటు. కత్తెర చేయాల్సిన పనిని ఈ మందుతో చేయించాలని చూసిన తోటలే ఎక్కువగా దెబ్బతింటాయి. పూతకు రెండు నెలల ముందు నీళ్లు ఆపి, పిందె బఠాణీ సైజుకు వచ్చాక మళ్లీ ఇవ్వడం కూడా అంతే ముఖ్యం.

ఇప్పుడు ఎగుమతి కాయకు చెప్పిన ఆ మూడు మీటర్ల ఎత్తు సంగతి. పొట్టి చెట్టులో తేనెమంచు పురుగుకూ బూడిద తెగులుకూ కొట్టే మందు పూగుత్తి లోపలికి చేరుతుంది, తక్కువ మందుతోనే పని జరుగుతుంది. యూరప్‌లో ప్రత్యేకంగా హద్దు పెట్టని ఏ పురుగుమందైనా కిలో కాయలో 0.01 మిల్లీగ్రాము మించకూడదు కాబట్టి ఈ తేడా చిన్నదేమీ కాదు. కాయ కోడిగుడ్డు సైజులో ఉండగా నేలమీద నిలబడే కాగితపు సంచి తొడగవచ్చు. మచ్చలు తగ్గుతాయి, పండు ఈగ గుడ్డు పెట్టలేదు. ఎండ తగిలితేనే ఎర్రబడే రకాలకు మాత్రం నల్ల పొర ఉన్న సంచి వేయకూడదు. ఆ ఎరుపు రాదు.

కోతలో ముచ్చికే ప్రాణం. దాన్ని తుంచగానే చిమ్మే సొన తొక్కమీద పడ్డ చోట మాడి నల్లబడుతుంది. అందుకే కత్తెరతో ఎనిమిది, పది సెంటీమీటర్ల కాడ ఉంచి కోసి, నీడలో సెంటీమీటరుకు తగ్గించి, సొన కారేదాకా కాయను తలకిందులుగా జాలీ మీద ఉంచుతారు. నిచ్చెనెక్కి చిక్కంతో లాగే చోట ఇది కుదరదు.

పండు ఈగ కనిపించిందని యూరోపియన్ యూనియన్ 2014 మేలో భారత మామిడిని ఆపేసి, 2015లో మళ్లీ తలుపు తీసింది. అప్పటి నుంచి అక్కడికి వెళ్లే కాయను 48 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచుతున్నారు. 2007లో భారత మామిడిని అనుమతించిన అమెరికా కనీసం 400 గ్రే (వికిరణ మోతాదుకు కొలత) వికిరణం అడిగింది. వేడినీటి దగ్గరే పచ్చి కాయ బండారం బయటపడుతుంది. ముదిరిన కాయ ఆ వేడిని తట్టుకుంటుంది. భుజాలు (ముచ్చికకు రెండు పక్కల భాగం) ఎక్కని లేత కాయ మాత్రం ముచ్చిక చుట్టూ కుంగిపోతుంది, ముగ్గినా లోపల గట్టిగానే ఉంటుంది. ఒకే చెట్టుమీద కాయలన్నీ ఒక్కరోజే ముదరవు గనక మూడు నాలుగు విడతలుగా, భుజాలు నిండినవాటినే ఏరి కోయాలి.