లిస్టవని కంపెనీకి ధర కట్టేదెవరు?

2008 డిసెంబరు 16న హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ బోర్డు 160 కోట్ల డాలర్లతో రెండు కంపెనీలు కొనడానికి ఒప్పుకుంది. రెండూ ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానివే. మేటాస్ ఇన్‌ఫ్రా అప్పటికే స్టాక్ మార్కెట్లో లిస్టయింది. దాని 51 శాతం వాటాకు 30 కోట్ల డాలర్లు ఎక్కువో తక్కువో షేరు ధర చూసి ఎవరైనా తేల్చుకోవచ్చు. మేటాస్ ప్రాపర్టీస్ లిస్టు కాలేదు. దానికి కట్టిన 130 కోట్ల డాలర్లు సరైన ధరేనా అని చూసుకోవడానికి మామూలు వాటాదారుకు దారే లేదు. ఇన్వెస్టర్లు భగ్గుమనడంతో కొన్ని గంటల్లోనే ఒప్పందం రద్దయింది. సత్యం ఖాతాల్లో దొంగలెక్కలతో చూపిన, లేని ఆస్తుల చోట నిజమైన ఆస్తులు పెట్టడానికి అదే చివరి ప్రయత్నమని 2009 జనవరి 7న రాజే లేఖలో రాశారు. అంత పెద్ద గొయ్యి పూడ్చడానికి మార్కెట్ ధర లేని కంపెనీయే పనికొచ్చిందంటే ఆశ్చర్యం లేదు.

మన దేశంలో ఈ చిక్కు పాతదే. కంపెనీలు షేర్లు జారీచేయడాన్ని నియంత్రించే 1947 చట్టం కింద కొత్త షేర్ల ధర మీద కూడా కేంద్రం అదుపు ఉండేది. 1992లో అది పోయింది. లిస్టవని షేర్ల సంగతి మాత్రం సంపద పన్ను గొడవల్లో కోర్టులకెక్కింది. ఆస్తుల్లోంచి అప్పులు తీసేసి మిగిలింది పంచి చూడాలా, లాభాలు చూడాలా? నడుస్తున్న కంపెనీని మామూలుగా లాభార్జనతోనే కొలవాలని, ఆస్తులు విడగొట్టే లెక్క మూతపడే కంపెనీకని 1972లో మహాదేవ్ జలాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అడిగిన వెంటనే అమ్ముకోలేని షేరు కాబట్టి వాల్యుయేషన్‌లో కొంత కోత వేయడం కూడా ఆనవాయితీ.

స్టార్టప్‌లు వచ్చాక పద్ధతి తిరగబడింది. కొత్త ఇన్వెస్టర్ చిన్న వాటాకు ఇచ్చిన రేటునే మొత్తం షేర్లకు వేసి 'విలువ' అంటున్నారు. కానీ ఆ ఇన్వెస్టర్‌కు తన డబ్బు ముందుగా వెనక్కొచ్చే షరతులుంటాయి, ఉద్యోగి చేతిలోని ఈసాప్‌కు (జీతంతోపాటు కంపెనీ ఇచ్చే, ముందే ఖాయం చేసిన ధరకు షేర్లు కొనుక్కునే హక్కు) ఉండవు. ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్‌ను 2022లో 2,200 కోట్ల డాలర్లన్నారు. అందులో వాటా ఉన్న ప్రోసస్ ఆమ్‌స్టర్‌డామ్‌లో లిస్టయిన సంస్థ, తన లెక్కలు బయటపెట్టాల్సిందే. 2023 చివరికి అది బైజూస్ విలువను 300 కోట్ల డాలర్ల లోపుకు దించింది, 2024లో తన వాటాను సున్నాగా చూపింది. పేటీఎం షేరు కూడా 2021లో లిస్టయిన రోజే 27 శాతం పడింది. కానీ ఆ నష్టం అందరికీ అదే రోజు కనబడింది, వద్దనుకున్నవాళ్లు అమ్మి బయటపడగలిగారు.

2013 కంపెనీల చట్టం 247వ సెక్షన్, 2017 నిబంధనలతో రిజిస్టర్డ్ వాల్యుయర్లు, అంటే ధర కట్టడానికి అధికారికంగా నమోదైన నిపుణులు వచ్చారు. మంచి అడుగే. అయితే వాళ్లను నియమించేది ఆ కంపెనీ ఆడిట్ కమిటీ, అది లేకపోతే బోర్డు. ఏ అంచనాల మీద ధర కట్టారో ఈసాప్ ఉన్న ప్రతి ఉద్యోగికీ చూపించాలన్న నియమం కూడా రావాలి.