హీరో మారినా శాఖ నిలిచింది: ‘హిట్’ రెండో కేసుకు ముందున్న చరిత్ర

శైలేష్ కొలను దర్శకత్వంలో అడివి శేష్ నటించిన ‘హిట్: ద సెకండ్ కేస్’ 2022 డిసెంబర్ 2న, గోదావరి డెల్టాలో సార్వా కోతల కాలంలో విడుదలైంది. ఆ చిత్రంలోని మంచిచెడులు రెండూ ఒకే నిర్ణయం నుంచి పుట్టాయి. అదేమిటంటే, ప్రతి భాగానికీ హీరోనూ ఊరినీ మార్చి, హత్యల దర్యాప్తు చేసే ‘హిట్’ (హోమిసైడ్ ఇంటర్వెన్షన్ టీమ్) అనే కల్పిత పోలీసు విభాగాన్ని మాత్రమే కొనసాగించడం. తెలుగు పోలీసు సినిమా అంతవరకూ నడిచిన దారి తెలిస్తే ఈ నిర్ణయం ఎంత సాహసమో అర్థమవుతుంది.

ఆ దారి వేసినవారిలో డెల్టా మనిషి ఒకరున్నారు. పాలకొల్లులో పుట్టిన కోడి రామకృష్ణ 1989లో రాజశేఖర్ హీరోగా తీసిన ‘అంకుశం’ ఈ తరహాకు ఒక అచ్చు పోసింది. నేరస్థుడెవరో ప్రేక్షకుడికి మొదట్లోనే తెలిసిపోతుంది కాబట్టి, ఆసక్తి అంతా ఇన్‌స్పెక్టర్ అతణ్ణి ఎప్పుడు, ఎలా శిక్షిస్తాడన్నదాని మీదే ఉంటుంది. మరుసటి ఏడాది వచ్చిన ‘కర్తవ్యం’లో ఆ స్థానంలో స్త్రీ నిలిచింది, విజయశాంతికి జాతీయ ఉత్తమ నటి పురస్కారం దక్కింది, అయినా కథకు ఇంధనం అధికారి ఆగ్రహమే. విలన్ పతనంతో ఆ ఆగ్రహం తీరిపోతుంది గనుక ఇలాంటి కథకు రెండో భాగం సహజంగా పుట్టదు. 2016లో ‘సర్దార్ గబ్బర్ సింగ్’ పాత పోలీసు పాత్ర పేరునూ ధోరణినీ మళ్లీ వాడుకుని నిరాశపరచింది.

అలాగని కేసు తర్వాత కేసు అనే పద్ధతి తెలుగువారికి కొత్తేమీ కాదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలను అద్దె పుస్తకాల షాపుల నుంచి తెచ్చుకుని చదివిన తరానికి అది బాగా తెలుసు. అక్కడ డిటెక్టివ్ స్థిరం, కేసు కొత్తది. ‘హిట్’ ఆ డిటెక్టివ్‌ను కూడా మార్చేసింది. పంపిణీ వ్యాపారం దృష్టిలో ఇది చిన్న విషయం కాదు: 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా సినిమావాళ్ల లెక్కల్లో అమలాపురం ఇంకా ‘ఈస్ట్’ (తూర్పు గోదావరి), ఏలూరు ఇంకా ‘వెస్ట్’ (పశ్చిమ గోదావరి), ఆ ఏరియాల హక్కులకు ధర పలికేది ప్రధానంగా హీరో పేరు మీదే.

నాని సంస్థ వాల్ పోస్టర్ సినిమా నిర్మించిన మొదటి భాగం 2020 ఫిబ్రవరి 28న వచ్చింది. నెల తిరక్కుండానే లాక్‌డౌన్ రావడంతో చాలామంది దాన్ని ఇంట్లోనే, ఓటీటీలో చూశారు. ఆపి, వెనక్కి తిప్పి, ఆధారాలు సరిచూసుకోవడానికి అలవాటుపడిన ఆ ప్రేక్షకుడే రెండో భాగానికి న్యాయనిర్ణేత అయ్యాడు.

అతణ్ణి మెప్పించే సరుకు ప్రథమార్ధంలో నిండుగా ఉంది. నేరస్థుల తెలివిని మీడియా ముందు తేలిగ్గా తీసిపారేసిన విశాఖ పోలీసు అధికారి కృష్ణదేవ్‌కు, ఒకే యువతిదనుకున్న శవంలోని భాగాలు వేర్వేరు మహిళలవని తేలేసరికి ఆ ధీమాయే ఎదురుతిరుగుతుంది. కేకలూ తొడగొట్టడాలూ లేకుండా ఆ అహం కరగడాన్ని శేష్ చక్కగా పట్టుకున్నారు. నా దృష్టిలో సినిమా మొత్తానికీ బలమైన అంశం ఇదే. నిడివి అదుపులో ఉండటం, విశాఖను పాటల కోసం కాక కథాస్థలంగా వాడుకోవడం కూడా మెచ్చుకోదగినవి.

లోపాలు ద్వితీయార్ధంలో బయటపడతాయి. హంతకుడు తెర మీద ఉన్న కాసేపట్లో అతణ్ణి అనుమానించడానికి తగిన ఆధారాలు ప్రేక్షకుడి చేతికి అందవు. హత్యల వెనుక కారణం చివర్లో ఫ్లాష్‌బ్యాక్ రూపంలో వచ్చి పడుతుంది. యుగంధర్ పాఠకుడైతే దీన్ని మోసమనే అంటాడు. కథానాయిక ఆర్య పాత్రను స్వతంత్రంగా మొదలుపెట్టి, చివరికి హీరో ఆందోళనకు సాధనంగా మిగల్చడం పాత అలవాటే. మొదటి భాగంలో హీరో విక్రమ్ గతం గురించి రేపిన ప్రశ్నను ఈ భాగం పట్టించుకోలేదు. హీరోను మార్చడంలో ఉన్న నష్టం ఇక్కడే తెలుస్తుంది. శాఖ ఒక్కటే అయినా, దాని పని తీరు గానీ, లోపలి రాజకీయాలు గానీ ఒక పాత్రగా ఎదగలేదు.

ఆ ఖాళీని పూరించకుండానే ఈ చిత్రం ఆఖర్లో నానిని అర్జున్ సర్కార్‌గా చూపింది. 2025 మే 1న వచ్చిన మూడో భాగంలో దర్యాప్తు కంటే రక్తపాతానిదే పైచేయి అయింది, శిక్షించే పోలీసు తిరిగి తెర మీదికి వచ్చాడు.