దండు చీమల ఇంటిపేర్లు ఎందుకిలా మారుతున్నాయి

ల్యాబుల్లో ఇష్టంగా పెంచే చీమ ఒకటుంది. దానికి రాణి ఉండదు, మగ చీమతో పని లేకుండా కూలి చీమలే గుడ్లు పెట్టేస్తాయి. 2014లో దాని జీనోమ్ (మొత్తం డీఎన్ఏ వరస) వెలువడినప్పుడు పేరు సెరాపాకిస్ బిరోయ్. 2017లో జన్యువు మార్చి దాని వాసన పట్టే శక్తిని దెబ్బతీసిన ప్రయోగం వచ్చేసరికి ఊసెరియా బిరోయ్ అయింది. చీమ అదే, ఇంటిపేరు మారింది.

గుంపుగా కదిలి వేటాడే దండు చీమలకు ఇది దగ్గరి చుట్టం. అసలు ఈ గుంపు పేర్లలో తికమక మొదటినుంచీ ఉంది. 1764లో జీవులకు పేర్లు పెట్టే శాస్త్రవేత్త లిన్నేయస్ దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఓ పురుగును కందిరీగల్లో వేశాడు, నిజానికది డోరిలస్ అనే దండు చీమల్లో మగది. ఆయన్ని తప్పుపట్టలేం లెండి. పొడవాటి లావు పొట్ట, పెద్ద పెద్ద కళ్లు, రెక్కలు, రాత్రయితే దీపం చుట్టూ తిరగడం... అదే పుట్టలోని కూలి చీమ చూస్తే దాని ముందు పిసరంత, కళ్లే ఉండవు, బతుకంతా దాదాపు మట్టిలోనే. ఈ రెండూ అన్నాచెల్లెళ్లని ఎవరనుకుంటారు? అందుకే మగవాటికో పేరు, కూలీలకో పేరు పెట్టుకుంటూ పోయారు. ఏనిక్టస్ అనే దండు చీమల్లో అయితే మగవి మాత్రమే దొరికి, కూలీలు ఏవో తెలియని జాతులు ఇప్పటికీ చాలా ఉన్నాయి.

1990లో చీమల శాస్త్రవేత్త బారీ బోల్టన్ శరీర నిర్మాణం చూసి దండు చీమల్ని మూడు ఉపకుటుంబాలుగా (చీమల కుటుంబంలో పెద్ద విభాగాలుగా) విడదీశాడు. 2003లో షాన్ బ్రేడీ డీఎన్ఏ పోల్చి, ఆఫ్రికా, ఆసియా, అమెరికా దండు చీమలన్నీ సుమారు పది కోట్ల ఏళ్ల కిందటి ఒకే దండు నుంచి వచ్చాయన్నాడు. 2014లో ఆయన బృందం, ఈ మూడింటితో పాటు దగ్గరి చుట్టాలైన ఇంకో మూడు ఉపకుటుంబాల్ని కూడా కలిపేసి అన్నింటినీ డోరిలినే అంది. పాత పేరుదే పెద్దరికం అన్నది ఇక్కడి రూలు. 2016లో మారెక్ బొరోవియెట్స్, సెరాపాకిస్ పేరు కింద ఉన్నవన్నీ ఒక మూలం నుంచి రాలేదని చెప్పి, 1862లో పెట్టి మూలన పడేసిన ఊసెరియా పేరును మళ్లీ లేపాడు.

అక్కడితో అయిపోలేదు. 2019లో అదే బొరోవియెట్స్ ఇంకా ఎక్కువ డీఎన్ఏతో చూస్తే, అమెరికా చీమలు, ఇటువైపు ఆఫ్రికా, ఆసియా చీమలు దండుగా బతకడం విడివిడిగా మొదలుపెట్టాయని తేలింది, అంటే 2003 నాటి మాట తిరగబడింది. అయినా డోరిలినేకి ఏమీ కాలేదు, ఎందుకంటే దండు అలవాటు ఒకసారి పుట్టినా రెండుసార్లు పుట్టినా వీటన్నిటికీ మూలపురుషుడు ఒక్కడే. లోపలి వరసలే మారాయి.

బిరోయ్ అనే రెండో పేరు మాత్రం 1907లో ఫోరెల్ అనే శాస్త్రవేత్త పెట్టింది పెట్టినట్టే ఉంది. పాత పేపర్లు కావాలంటే సెరాపాకిస్ అని కూడా కొట్టి వెతకండి.