ఫోను నాయినది, హోంవర్కు నాది

పిల్లలూ,

పోయిన వారం మన బడి గేటు దగ్గర ఎనిమిదో తరగతి బాబు ఒకడు నన్ను ఆపాడు. "సార్, మా ఇంట్ల ఫోన్ ఒక్కటే ఉంది, మా నాయినది. పొద్దుగాల పట్కపోతే రాత్రి తొమ్మిదింటికి తెస్తడు. హోంవర్కేమో గ్రూపుల పెడ్తున్నరు. నేనెట్ల చెయ్యాలె?" అన్నాడు. ఏదో సర్దిచెప్పి పంపాను గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది వాడొక్కడి ప్రశ్న కాదు. అందుకే మీ అందరికీ రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. 2020లో కరోనాకు బళ్లు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ చదువుల చానెల్ టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. నేను పదో తరగతికి లెక్కలు చెప్పేవాణ్ని. టీవీలో పాఠం అయ్యాక వాట్సాప్‌లో లెక్కలు పంపేవాణ్ని. ఒక అమ్మాయి దగ్గర్నుంచి మూడు వారాలు ఒక్క జవాబూ రాలేదు. నా రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా "ఆసక్తి లేదు" అని రాసేశాను.

ఆ తర్వాత వాళ్ల ఊరికి వెళ్లాను. తండ్రి గొర్లు కాస్తాడు. ఫోను ఆయనతోపాటే గుట్టల్లోకి పోతుంది, ఇల్లు చేరేసరికి చార్జింగు ఉండదు. ఇంట్లో టీవీ లేదు. ఆ పిల్ల ఎదురింటి అరుగు మీద నిలబడి, కిటికీలోంచి టీవీ చూస్తూ పాఠాలన్నీ నోటుబుక్కులో ఎక్కించుకుంది. లెక్కలు కూడా చేసింది. పంపే దారి లేక అలాగే ఉంచుకుంది. ఇంటికొచ్చి నా రాత కొట్టేశాను. ఆ రిజిస్టరు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఫోను లేని పిల్లవాడు చదవని పిల్లవాడు కాదు. మీరు అలా అనుకోకండి, ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2017-18లో కేంద్ర ప్రభుత్వం ఇంటింటి సర్వే చేస్తే, మన దేశపు పల్లెల్లో వంద ఇళ్లలో ఇంటర్నెట్ అందేవి 15, కంప్యూటర్ ఉన్నవి 4. రెండేళ్లు తిరిగేసరికి చదువంతా వాటిలోకే వెళ్లిపోయింది. ఇప్పుడు పరిస్థితి చాలా మారింది. పల్లె పిల్లల చదువు మీద జరిగే అసర్ అనే సర్వేలో, 2024లో, పల్లెల్లోని 14–16 ఏళ్ల పిల్లల్లో వందకు దాదాపు 90 మంది ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉందని చెప్పారు. అయితే ఇంట్లో ఉండటం వేరు, మీ చేతికి అందటం వేరు. ఫోను వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోను ఉన్నది వందలో 36 మంది అబ్బాయిలకు, 27 మంది అమ్మాయిలకు. అబ్బాయిలూ, మీ ఇంట్లో అక్కో చెల్లో ఉంటే ఈ రెండు అంకెల గురించి కాస్త ఆలోచించండి. ఫోను ఇంటికొచ్చాక మొదటి అరగంట ఎవరికి దొరుకుతోందో చూడండి.

నాకు పదకొండేళ్లప్పటి సంగతి ఒకటి చెప్తాను. 1975 ఆగస్టు 1న మా ఊరి బడికి టీవీ వచ్చింది. ఇళ్లలో కరెంటే సరిగా లేని ఊరది. బడి కప్పు మీద కోళ్లగూటికి కొట్టే జాలీలాంటి దానితో చేసిన పెద్ద గొడుగు పెట్టారు. దాన్ని చూడటానికే పక్క ఊళ్లవాళ్లు వచ్చేవారు. అమెరికావాళ్ల ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఆఫ్రికా ఖండం పైన ఆకాశంలో నిలిపి, దాని ద్వారా మన దేశంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లకు కార్యక్రమాలు పంపారు. హిందీ, ఒరియా, కన్నడతోపాటు మన తెలుగులోనూ వచ్చేవి. పొద్దున పిల్లలకు ఇరవై నిమిషాల పైచిలుకు. సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం.

మేము నేల మీద బారులు తీరి కూర్చునేవాళ్లం. పటేలు కొడుకూ అక్కడే, జీతగాని కొడుకూ అక్కడే. బొమ్మ ఆగిపోగానే మా సారు లేచి, చూసినదాన్ని మళ్లీ మా మాటల్లో విడమరిచి చెప్పేవారు. నాకు గుర్తున్నవి టీవీలో చూసినవి కాదు, ఆ తర్వాత ఆయన చెప్పినవే. సరిగ్గా ఏడాదికి, 1976 జులై 31న, ఆ ప్రసారాలు ఆగిపోయాయి. తర్వాత చాలా రోజులు ఖాళీ తెర ముందుకు వెళ్లి నిలబడి వచ్చేవాణ్ని.

ఆ టీవీని ఎవరి నాన్నా కొనలేదు. అందుకే అది అందరిదీ అయింది. ఆ పని ఇవాళ బడి చెయ్యాలి. 2019-20లో దేశంలోని బళ్లలో వందకు 22 చోట్లే ఇంటర్నెట్ ఉండేది, 2024-25 నాటికి 63 దాటింది. మన బడిలోనూ కంప్యూటర్ గది ఉంది. మధ్యాహ్నం నుంచి తాళం వేసి ఉంటోంది. పాడవుతాయని భయం. బట్ట కప్పి దాచినా పాడవుతాయి, వాడితే కనీసం మీకు పనికొస్తాయి.

ఇది ఎవరినో బతిమాలుకునే సంగతి కాదు. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఇంటర్నెట్ అందుబాటులో ఉండటం చదువుకునే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. హాస్టల్లో సాయంత్రం వేళ ఫోను వాడొద్దన్న నిబంధనను ఒప్పుకోనందుకు గెంటేసిన ఒక డిగ్రీ విద్యార్థిని వేసిన కేసు అది. ఆమెను తిరిగి చేర్చుకోమని కోర్టు చెప్పింది. ఇక విద్యా హక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అంటే అడగాల్సింది మీ అమ్మానాన్నలే.

అందాకా బాబూ, నువ్వు ఇలా చెయ్యి. హోంవర్కు కాగితం మీద రాసివ్వమని మీ సారును అడుగు. సిగ్గుపడకు, వాళ్లకు నీ సంగతి తెలియకపోవచ్చు, నాకు ఆ పిల్ల సంగతి తెలియనట్టే. రాత్రి ఫోను దొరికినప్పుడు పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో పాఠాన్ని దింపి పెట్టుకో. తర్వాత నెట్ లేకున్నా చూడొచ్చు. వీడియో నాణ్యత తగ్గించి చూస్తే నాన్న డేటా అంతా అయిపోదు.

వచ్చే కమిటీ సమావేశానికి నేనూ వస్తున్నాను. మీ ఇంటి నుంచి ఒకరిని తీసుకురండి. బడి విడిచాక సాయంత్రం గంటసేపు ఆ గది తెరిచి ఉంచమని అడుగుదాం. తాళంచెవి పట్టుకుని కూర్చునే మనిషి లేడంటారు. నేను కూర్చుంటానని చెప్తాను.

మీ
లెక్కల సారు