తెగిన పాత ముత్యాల హారం: బాగుచేయించే ముందు వదిలించుకోవాల్సిన అపోహలు

హారం తెగి నాలుగు ముత్యాలు పోతే అది చిన్న నష్టమే. పెద్ద నష్టం దాన్ని బాగుచెయ్యడానికి ఇచ్చేముందు ఇంట్లో జరుగుతుంది. “పాతవి పచ్చబడ్డాయండి, కొత్తవి పక్కన పెడితే కలవవేమోనని కాస్త కడిగి తెచ్చాం.” రాజమండ్రి, అమలాపురం, నరసాపురం ఎక్కడైనా సరే, పూసలు గుచ్చేవాళ్ళు పదే పదే వినే మాట ఇది. కడగడమంటే ఏం చేశారని అడిగితే ఒక్కొక్కటీ బయటికొస్తుంది. రాత్రంతా కుంకుడు రసంలో నానబెట్టారు. నిమ్మచెక్కతో రుద్దారు. వంట సోడా, పళ్ళ పేస్టు పట్టించారు. ఇంకా ముందుకెళ్ళినవాళ్ళు ఫోన్లో ఏదో వీడియో చూసి హైడ్రోజన్ పెరాక్సైడు పోసి డాబా మీద ఎండబెట్టారు.

అపోహ: పాత ముత్యాలను తెల్లగా చేస్తే కొత్తవి కలిసిపోతాయి.

వాస్తవం: కలవవు సరికదా, ఉన్నవి కూడా పాడవుతాయి. ముత్యంలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. తాంబూలంలో రాసుకునే గుల్లసున్నం ఏ గుల్లల్ని కాల్చి చేస్తారో, ఆ గుల్లల్లో ఉండేదీ ఈ పదార్థమే. పులుపు తగిలితే కరుగుతుంది. నిమ్మ, చింతపండు, వెనిగర్ అన్నీ ఒకటే; కుంకుడు రసం కూడా కొద్దిగా ఆమ్లమే. కరిగేది కంటికి కనిపించేంత ఉండదు. ఉల్లిపొరకన్నా సన్నటి పలకలు ఒకదానిమీద ఒకటి పేరి ఉండబట్టే ముత్యానికి ఆ లోపలి నిగారింపు. పైపలకలు గరుకెక్కితే వెలుగు చెదిరిపోతుంది, ముత్యం సుద్దముక్కలా తేలిపోతుంది. మరి పాలిష్ చేస్తే? పాలిష్ అంటే ఉన్న పొరను ఇంకాస్త గీకడమే. లోపల పూస పెట్టి జపాన్ వైపు ఉప్పునీళ్ళలో పెంచే అకోయా రకం ముత్యాల్లో ఆ పూస మీద ఉండే పొర చాలావాటికి అర మిల్లీమీటరు కూడా ఉండదు. గీకడానికి అక్కడ మిగిలేది ఏమీ లేదు.

పేస్టుకీ సోడాకీ పులుపు లేకపోయినా గరుకు ఉంది. గట్టితనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కకట్టే మోహ్స్ కొలతలో ముత్యానిది 2.5 నుంచి 4.5 లోపే. బంగారు గాజులకు పనికొచ్చేది దీనికి పనికిరాదు. పెరాక్సైడు సంగతి: ముత్యాల పరిశ్రమలో దానితో తెలుపు చేస్తారన్నది నిజమే. అయితే అది హారంగా గుచ్చకముందు, పలచటి ద్రావణంలో, వేడిమీ వెలుతురూ చూసుకుంటూ వారాల తరబడి చేసే పని. మే నెల ఎండలో డాబా మీద చేసేది కాదు. ఆ ఎండకు ముత్యంలో ఉండే కొద్దిపాటి తేమ కూడా పోయి బెజ్జం దగ్గర నుంచి నెర్రెలు తీస్తుంది.

అసలు ఆ పసుపు ఎందుకొచ్చిందో ముందు చూడాలి. కొన్ని ముత్యాలు పుట్టుకతోనే మీగడ రంగువి. అమ్మమ్మ మెడలో ఉన్నప్పుడూ అలాగే ఉన్నాయి, ఇప్పుడు కొత్త తెల్ల ముత్యం పక్కన పెట్టేసరికి పచ్చగా కనబడుతున్నాయి. కొన్నింటిమీద ఉన్నది చెమట, కొబ్బరినూనె, పౌడరు కలిసిన జిడ్డు; అది తుడిస్తే పోతుంది. మూడోది, పలకల మధ్య జిగురులా ఉండే సేంద్రియ పదార్థం వయసుతో రంగు మారడం. అది పోదు, పోగొట్టే ప్రయత్నమూ చెయ్యకూడదు.

తుడిచే పద్ధతి ఒక్కటే. మెత్తటి మల్లు గుడ్డను నీళ్ళలో ముంచి గట్టిగా పిండాలి. మరీ జిడ్డుంటే ఆ నీళ్ళలో ఒక్క చుక్క గాఢత లేని సబ్బు. ఒక్కో ముత్యాన్నీ వేళ్ళ మధ్య తిప్పుతూ తుడిచి, మంచినీళ్ళతో పిండిన ఇంకో గుడ్డతో మళ్ళీ తుడిచి, పొడి తువ్వాలు మీద రాత్రంతా పడుకోబెట్టాలి. వేలాడదీయొద్దు, తడిసిన పట్టుదారం బరువుకి సాగుతుంది. నానబెట్టడం అసలే వద్దు. మురికి నీళ్ళు బెజ్జాల్లోకి పోతే లోపలి నుంచి నల్లమచ్చ వస్తుంది, దాన్ని ఎవరూ తియ్యలేరు.

కాబట్టి పాతవాటిని కొత్తవాటికి కలపడం మానేసి, కొత్తవాటిని పాతవాటికి కలపండి. కొట్లో “తెల్లవి” అని అడగకుండా హారాన్నే తీసుకెళ్ళి మీగడ ఛాయవి ఏరించండి. ఒక్క ముత్యం శాంపిలుగా పట్టుకెళ్తే చాలదు. ఒక పాత హారంలోనే రెండు మూడు ఛాయలుంటాయి. చూడాల్సింది కొట్లో లైట్ల కింద కాదు. ఎండ నేరుగా పడని పగటి వెలుతురులో, బూడిదరంగు గుడ్డ మీద, రెండు పాత ముత్యాల మధ్య కొత్తదాన్ని ఉంచి చెయ్యి చాచినంత దూరం నుంచి చూడాలి. ముందు నిగారింపు కుదరాలి, తర్వాత రంగు, ఆ తర్వాతే సైజు. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, కాలిపర్‌తో పదో వంతు మిల్లీమీటరు దాకా కొలిచి తెచ్చి, అద్దంలా మెరిసే కొత్తదాన్ని మసక హారం మధ్యలో పెడతారు. కళ్ళు అక్కడికే పోతాయి.

ఎంత బాగా కలిసినా కొత్తవి ముందుకి రాకూడదు. ఒకే సైజు హారమైతే మెడ వెనక హుక్కు దగ్గరున్న పాతవాటిని ఖాళీల్లోకి జరిపి, కొత్తవాటిని వెనక వెయ్యాలి. జడ కిందికి పోతాయి, ఇక ఎవరూ చూడరు. మధ్యలో పెద్దవి, చివరలకు చిన్నవి ఉండే హారమైతే ఇది కుదరదు. అక్కడ కుడివైపు ఒకటి పోతే ఎడమవైపు దాని జోడీని కూడా తీసేసి వరస దగ్గరికి జరపడమే మంచిది. తీసిన జోడీ ముత్యాన్ని పొట్లం కట్టి దాచుకుంటే రేపటికి పనికొస్తుంది.

అపోహ: ఎన్ని పోతే అన్ని కొనాల్సిందే.

అక్కర్లేదు. పాత హారాలు చాలావరకు ముడుల్లేకుండా నేరుగా గుచ్చినవే. 18 అంగుళాల హారంలో 6 మిల్లీమీటర్ల ముత్యాలు సుమారు 74 పడతాయి. ప్రతి రెండింటి మధ్యా ముడి వేస్తే, ముడికి అర మిల్లీమీటరు లెక్కన దాదాపు 37 మిల్లీమీటర్ల పొడవు పెరుగుతుంది. అంటే ఆరు ముత్యాలంత. ఐదారు పోయినా ఒక్కటీ కొనకుండా పాత పొడవు వచ్చేస్తుంది. హారం రూపు కొద్దిగా మారుతుంది, ముత్యాల మధ్య సన్నగా ముడి కనిపిస్తుంది. అది నచ్చనివాళ్ళకు మన వైపు ఎప్పటినుంచో ఉన్న దారి ఉంది: మధ్యమధ్య 2.5 మిల్లీమీటర్ల బంగారు గుండ్లో, పగడాలో వెయ్యడం. గుండు బెజ్జం అంచు నున్నగా ఉందో లేదో ముందు సూది తిప్పి చూడండి. అక్కడ చిన్న ముల్లు ఉన్నా కొన్ని నెలల్లో దారాన్ని కోసేస్తుంది.

అపోహ: గట్టి దారమైతే చాలు, ఏదైనా ఒకటే.

నరసాపురం చుట్టుపక్కల నుంచి వచ్చే హారాలు లేసు అల్లే నూలుదారంతో గుచ్చి ఉంటాయి. ఆ దారం లేసుకి మంచిదే. ముత్యాలకు మాత్రం చెమట పీల్చి ఉబ్బుతుంది, మన ఉక్కపోతకి కుళ్ళుతుంది. భీమవరం వైపు నుంచి వచ్చేవాటిలో గేలపు నైలాన్ తీగ. సులువుగా తెగదన్నది నిజమే, కానీ బిర్రుగా ఉండి మెడ మీద వంగదు, ముడి నిలవదు, ఏళ్ళు గడిచాక పెళుసెక్కుతుంది.

కావాల్సింది ముత్యాల కోసమే పురిపెట్టిన పట్టుదారం. బెజ్జం 0.8 మిల్లీమీటర్లుంటే 0.35 మిల్లీమీటర్ల దారం రెండు పోగులు సరిపోతుంది. బెజ్జంలో బిగువుగా ఉండాలి, సూది ఈడ్వాల్సి రాకూడదు. పాత బసరా ముత్యాల (గల్ఫ్ సముద్రంలో సహజంగా పుట్టినవి) బెజ్జాలు ఇంకా సన్నం. వాటికి దారమే సన్నది వాడాలి తప్ప బెజ్జం పెద్దది చెయ్యొద్దు. కొత్తగా కొన్న ముత్యం బెజ్జం చాలకపోతే వజ్రపు పొడి పూసిన సన్న ఆకురాయితో, నీళ్ళలో ఉంచి, చేత్తో, రెండువైపుల నుంచీ కొద్దికొద్దిగా తియ్యొచ్చు. పొడిగా రాస్తే వేడికి అంచు పెచ్చులూడుతుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకూ మంచిది కాదు.

గుచ్చేముందు దారానికి చిన్న బరువు కట్టి ఒక రాత్రి వేలాడదీస్తే సాగాల్సినదంతా అప్పుడే సాగుతుంది. హుక్కు రింగులో తిరిగే దారానికి 7, 8 మిల్లీమీటర్ల పొడవు స్ప్రింగు తీగ తొడగాలి. మగ్గం వర్కులో వాడే జర్దోసీ లాంటిదే, కాకపోతే నల్లబడని రకం చూసుకోవాలి. హారాలు ఎక్కువగా తెగేది ఆ రింగు దగ్గరే. ప్రతి ముడినీ సన్నటి పట్టకారుతో ముత్యానికి ఆనించి బిగించాలి. ఖాళీ వదిలితే ముత్యం ముందుకూ వెనక్కూ ఆడుతూ ముడిని అరగదీస్తుంది.

ఫెవిక్విక్ మాత్రం వద్దు. అది పట్టుని గాజులా గట్టిపరుస్తుంది, గట్టిపడినచోటు పక్కనే దారం పుటుక్కున తెగుతుంది. దాని ఆవిరి ముత్యం మీద తెల్లటి పొరలా పేరుతుంది. చివరి ముడికి సూదిమొనతో నగల జిగురు ఒక చుక్క చాలు.

అపోహ: హుక్కు ఒక్కటే విరిగింది, హారం అలాగే కంసాలికి ఇస్తే అతికేస్తాడు.

అతుకుతాడు. ఆ వేడికి పక్కనున్న ముత్యాలు గోధుమరంగు తిరుగుతాయి. అతికాక రంగు రావడానికి తేజాబులో, అంటే ఆమ్లంలో ముంచితే మిగిలినవాటి పని అయిపోతుంది. తప్పు కంసాలిది మాత్రమే కాదు, దారం తెంపడానికి మనం ఒప్పుకోకపోవడం కూడా. ముత్యాలు తీసేసి హుక్కు ఒక్కటే ఇవ్వండి.

ఇక మిగతావి. అసలు ముత్యమైతే పంటితో రుద్దినప్పుడు గరగరలాడాలంటారు. నిజమే, కానీ రెండు ముత్యాల్ని ఒకదానికొకటి మెల్లగా ఆనించి రుద్దినా అదే తెలుస్తుంది. అంతకన్నా బెజ్జాన్ని పదిరెట్ల భూతద్దంలో చూడండి. గాజుపూస మీద పూత అయితే అంచున పెచ్చులు లేచి కింద గాజు కనిపిస్తుంది. లైటర్ మంట చూపించి “కాలలేదు, అసలైనదే” అనే ప్రదర్శన అమ్మేవాడి సరుకు మీద చెయ్యనివ్వండి, మీ అమ్మగారి హారం మీద వద్దు. ప్రతి పాత హారమూ బసరాది కాదు. 1920ల నుంచే జపాన్ పెంపకపు ముత్యాలు ప్రపంచమంతా పారాయి. సహజమా, పెంచినవా అన్నది ఎక్స్‌రే తీసే ల్యాబ్ చెప్పాలి, పక్కింటివాళ్ళు కాదు. చార్మినార్ దగ్గర కొన్న ముడతల బియ్యపుగింజ ముత్యాలైతే ఈనాటి నున్నటి చైనా ముత్యాలతో కలవవు, పాత సరుకు ఉన్న కొట్టు వెతకాలి. మన చెరువుల్లో పండించే ముత్యాలు వేద్దామని కొందరు అడుగుతున్నారు. వాటిలో ఎక్కువభాగం అచ్చు మీద పెంచిన బొమ్మ ముత్యాలు, ఒకవైపు చదునుగా ఉంటాయి, హారానికి రావు. హాల్‌మార్క్ బంగారానికీ వెండికీ తప్ప ముత్యానికి కాదు.

పెళ్ళి పందిట్లోనే తెగి, పోయినవాటి గురించి నిద్రపట్టక వచ్చేవాళ్ళుంటారు. అది మీ అజాగ్రత్త అని ఎవరన్నా అంటే నమ్మకండి. ఇరవై ఏళ్ళు మార్చని దారం ఏదో ఒకరోజు తెగే తీరుతుంది. తెగినప్పుడు చెయ్యాల్సినవి ఇవి. ఎవర్నీ అడుగు వెయ్యనివ్వకుండా లైట్లు తగ్గించి, టార్చిని నేలమీద పడుకోబెట్టి వెలుతురు పారించండి. ప్రతి ముత్యానికీ పొడుగు నీడ పడుతుంది. చీర కుచ్చిళ్ళు, రవిక లోపల, తివాచీ మడతలు చూశాకే ఊడ్పించండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే గొట్టం మూతికి పలచటి గుడ్డ కట్టి నడపండి. దారం మీద ఇంకా మిగిలినవాటిని దారంతోపాటే ఉంచి, రెండు చివరలకూ టేపు అంటించండి. పోయినవి ఎక్కడివో, ఏ సైజువో ఆ వరసే చెబుతుంది. అన్నీ ఒక డబ్బాలో పోసి కలిపేస్తే మధ్యలో పెద్దవి, చివరలకు చిన్నవి ఉండే హారాన్ని మళ్ళీ పేర్చడానికే ఒక పూట పడుతుంది.

ఇచ్చేటప్పుడు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి, ముత్యాలు లెక్కపెట్టి చీటీ మీద రాయించండి. తీసుకునేటప్పుడు హారాన్ని నిటారుగా పట్టుకుని చూడండి. ముత్యానికీ ముడికీ మధ్య దారం కనిపించకూడదు, బల్లమీద వేస్తే వంపు తిరిగి పడాలి, కర్రలా నిలబడకూడదు. వేసుకున్న ప్రతిసారీ తుడిచి మల్లు గుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ కవర్లో కాదు. తరచూ వేసుకునేదైతే రెండేళ్ళకోసారి, పండక్కీ పెళ్ళికీ వేసుకునేదైతే నాలుగైదేళ్ళకోసారి దారం మార్పించాలి. ఈలోపు హుక్కు పక్కనున్న మొదటి ముత్యాన్ని వేలితో కదిపి చూస్తూ ఉండండి, అది ముడికీ ముడికీ మధ్య జారుతోందంటే మళ్ళీ గుచ్చించాల్సిన సమయం వచ్చినట్టే.